ఒకే పంక్తి, రెండు పేపర్లు

కనకాలపేట, యానాం
మే 5

చి. సౌ. సౌజన్యకి,

దీవెనలు ముందే రాసేస్తున్నాను. ఉత్తరం చివరికొచ్చేసరికి ఆ బుద్ధి ఉంటుందో ఉండదో.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నీ మొగుడు, నా తమ్ముడు సతీష్ నవ్వుతాడు. నవ్వనీ. ఫోన్లో నేను ఒక మాట అనేలోపు నువ్వు మూడంటావు. కాగితం మీదైతే నేను పూర్తిచేసేదాకా వినక నీకు తప్పదు.

రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక, రొయ్యల వ్యాపారం చేసి పోయిన ఒక పెద్దాయన పేరుమీద నడిచే ట్రస్టులో పరీక్షల పని నెత్తికెత్తుకున్నానని సతీష్ నీకు చెప్పే ఉంటాడు. ఏటా టెన్త్ పిల్లల్లో పదిమందిని ఎంచి కాకినాడలో ఇంటర్ చదివిస్తారు. ఫీజూ హాస్టలూ అన్నీ ట్రస్టువే. ఈ ఏడు పిల్లలు ఎక్కువైపోయి హాలు చాల్లేదు. పొద్దున్న టౌను స్కూళ్ళ పిల్లలకి, మధ్యాహ్నం అడవిపొలం, అగ్రహారం, మా కనకాలపేట పిల్లలకి పెట్టాం. పొద్దుటివాళ్ళు బయటికెళ్ళి చెప్పేస్తారని రెండు పేపర్లు చేశాం. పొద్దుటిది నేను చేశాను. మధ్యాహ్నందాన్ని వెంకటరాజు మాస్టారి చేతిలో పెట్టారు. పిల్లలకి రాని లెక్క ఇవ్వడమే చదువు చెప్పడం అనుకునే మనిషి ఆయన. ట్యూషన్ సెంటరు బోర్డు మీద తన ఫొటో తనే వేయించుకున్నాడు.

ఆయన మనవరాలు కీర్తి పొద్దుటి బ్యాచిలో రాసింది. తాత పేపరు మనవరాలికి వెళ్ళకుండా చూశామని ట్రస్టువాళ్ళు తమ నిజాయితీకి తామే మురిసిపోతున్నారు. తాత పేపరు మిగతా వాళ్ళ పిల్లల్ని చావగొట్టిందని మాత్రం ఎవడికీ తట్టలేదు.

అరవైకి పొద్దుటివాళ్ళ సగటు ముప్ఫై ఎనిమిది. మధ్యాహ్నంవాళ్ళది ఇరవై ఏడు. ఉన్నవి ఉన్నట్టు చూస్తే పది సీట్లూ టౌనుకే పోతాయి. అందులో ఎనిమిదోది యాభై రెండు మార్కులతో కీర్తిది. అడవిపొలం పిల్ల సాయిదివ్యకి నలభై ఒకటి వచ్చింది, మధ్యాహ్నం బ్యాచిలో మూడోది. సీటు రాకపోతే జూన్‌లో వయసు పెంచి రాయించి రొయ్యల కంపెనీ బస్సెక్కిస్తానంటోంది వాళ్ళమ్మ పాపాయమ్మ. ఆ పిల్ల నాకేమీ చుట్టం కాదు, సంగతి చెబుతున్నాను.

ట్రస్టు ప్రెసిడెంటుగారు అటు అయిదు, ఇటు అయిదు పంచేద్దామన్నాడు, పేరంటంలో తాంబూలాలు పంచినట్టు. వెంకటరాజు మార్కులంటే మార్కులే అంటాడు. పరీక్షల్ని తూచడమే నీ ఉద్యోగమట కదా. మధ్యాహ్నంవాళ్ళకి ఎన్ని మార్కులు కలపాలో ఒక్క అంకె రాసి పంపు. పాఠం చెప్పకు. వీధి దీపం మాడిపోయినా పాండిచ్చేరి వైపు చూడాల్సిన ఊరు మాది. మార్కులకి కూడా అటే చూడాల్సొస్తుందని అనుకోలేదు.

మంగతాయారు


పుదుచ్చేరి
మే 12

వదినగారికి నమస్కారాలు.

చేపల మార్కెట్లో ధర అడిగినట్టు అంకె అడిగారు. అంకె కావాలంటే వెంకటరాజు మాస్టారే చెప్పగలరు, ఆయనకి ధైర్యం ఎక్కువలా ఉంది.

పేపరు కష్టంగా ఉందని మీరంటున్నారు. మార్కులు తగ్గిన ప్రతి పిల్లాడి తల్లీ ఆ మాటే అంటుంది. సగటులో పదకొండు తేడా ఉంది కాబట్టి పదకొండు కలిపేద్దామని మీ మనసులో ఉందని నాకు తెలుసు. అలా కలిపితే టౌను పిల్లలూ ఊళ్ళ పిల్లలూ చదువులో సరిసమానమని ముందే ఒప్పుకున్నట్టు. ఆ సంగతి మీకెవరు చెప్పారు? పేపరు కష్టమైనా మార్కులు తగ్గుతాయి, పిల్లలు వెనకబడినా తగ్గుతాయి. ఏది ఎంతో విడదీయకుండా అంకె వెయ్యడాన్ని మా దగ్గర లెక్క అనరు.

మీరు పాఠం వద్దన్నారు కాబట్టి చిన్నది చెప్తాను. ఒక తక్కెడలో టౌను చేపలు తూచారు, ఇంకో తక్కెడలో అడవిపొలం చేపలు తూచారు. తూకం తక్కువొచ్చింది. దొంగది తక్కెడో, చిన్నవి చేపలో తేలాలంటే ఒకే రాయిని రెండు తక్కెళ్ళలోనూ వేసి చూడాలి. రెండు పేపర్లలోనూ అచ్చంగా ఒకటే ఉన్న ప్రశ్నలు ఏవైనా ఉంటే అవే ఆ రాయి. వాటిలో రెండు బ్యాచిలూ ఎలా చేశారో చూస్తే పిల్లల మధ్య తేడా తెలుస్తుంది, మిగిలింది పేపరు తేడా.

అలాంటివి లేకపోతే ఈ పరీక్షతో చెయ్యగలిగింది ఏమీ లేదు. ఇన్నేళ్ళు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసినవారు రెండు పేపర్లు పెట్టేముందు ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది.

సౌజన్య


కనకాలపేట
మే 17

సౌజన్యా,

అడిగేవాడికి చెప్పేవాడు లోకువంటారు. మా ఇంట్లో అది తిరగబడింది.

నీ రాయి దొరికింది. వెంకటరాజుకి అరవై ప్రశ్నలు తయారుచేసే ఓపిక లేదు. రెండు పేపర్లూ ఒకే ప్రెస్సులో కొట్టించాం. అక్కడ నా ప్రూఫు చూసి పది ప్రశ్నలు మక్కీకి మక్కీ దించేసుకున్నాడు. పరీక్షనాడు చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడు ఆయన సోమరితనమే నీ శాస్త్రానికి ఆధారమంటున్నావు. ఆ శాస్త్రం ఎంత గొప్పదో నాకు బాగా అర్థమైంది.

జవాబు పత్రాలన్నీ జెరాక్సు తీయించి కొరియర్లో పంపుతున్నాను. పిల్లలు గుండ్రాలు దిద్దిన కాగితాలు, సీరియల్ నంబర్ల వరసలో ఉన్నాయి. త్వరగా తేల్చు. నీకది కాలక్షేపం. ఇక్కడ జూన్ వచ్చేస్తోంది.

మంగతాయారు


పుదుచ్చేరి
మే 26

వదినగారికి,

మీ కాగితాల మీద కూర మరకలున్నాయి. ట్రస్టు ఆఫీసులో పనిచేస్తూ తింటారో, తింటూ పనిచేస్తారో తెలియలేదు.

పని అయింది. ఉమ్మడి ప్రశ్నలు పదింటిలో టౌను పిల్లలు సగటున ఆరు చేశారు. మధ్యాహ్నం పిల్లలు ఏడున్నర చేశారు. అంటే ఊళ్ళ పిల్లలు టౌను పిల్లల కంటే వెనకబడినవాళ్ళు కారు, ఒక మెట్టు పైనే ఉన్నారు. అయినా మొత్తం మార్కులు తక్కువొచ్చాయంటే తప్పు పూర్తిగా పేపరుది. సగటు తేడా కంటే ఎక్కువే కలపాలి. నా లెక్కలో పద్నాలుగు.

నాకు కొంచెం ఆశ్చర్యంగానే ఉంది. అయినా అంకెలు అలాగే ఉన్నాయి. సంతకం పెట్టిన రిపోర్టు జతచేశాను. వెంకటరాజు మాస్టారికి అర్థం కాకపోతే రెండోసారి చదవమనండి.

సౌజన్య


కనకాలపేట
జూన్ 1

చి. సౌ. సౌజన్యకి అనేక దీవెనలు.

ఈసారి మనస్ఫూర్తిగానే రాశాను.

నీ రిపోర్టు మీటింగులో నేనే చదివాను. వెంకటరాజు కళ్ళద్దాలు తీసి తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీశాడు. ఊళ్ళ పిల్లలు టౌను పిల్లల కంటే పైమెట్టు అన్న వాక్యం దగ్గర ఆగి రెండుసార్లు చదివాను. ఇంగ్లీషు మీడియం యూనిఫాం వేసుకుంటే బుర్ర పెరుగుతుందనుకునే తల్లులు నలుగురు గుమ్మంలో నిలబడి విన్నారు. వాళ్ళ మొహాలు చూడ్డానికైనా నువ్వు ఒకసారి రావాల్సింది.

పద్నాలుగు కలిపాక మధ్యాహ్నంవాళ్ళు ముగ్గురు లిస్టులోకొచ్చారు. సాయిదివ్య యాభై అయిదుతో పదో పేరు. కీర్తి పదకొండోదయి బయటికి పోయింది. లిస్టు గోడకి అంటించేశాం.

ఇప్పుడు చెబుతున్నాను, ఆ పిల్ల రెండేళ్ళుగా సాయంత్రాలు నా వరండాలోనే చదువుతోంది. ముందే చెబితే నా మాటకి విలువుండదని చెప్పలేదు. పాపాయమ్మ పండుగొప్ప చేప ఇంత పెద్దది అరిటాకులో చుట్టి తెచ్చింది. నేను ముట్టనని తెలిసీ తెచ్చింది. వీధి చివర జోసెఫిన్ వాళ్ళింటికి పంపేశాను. కంపెనీ మేస్త్రీకి తన కూతురు రాదని చెప్పేసిందట.

నీ శాస్త్రానికి ఇన్నాళ్ళకి బుద్ధి వచ్చింది.

మంగతాయారు


పుదుచ్చేరి
జూన్ 9

వదినగారికి,

మీ సంతోషం పాడుచెయ్యడానికి రాయడం లేదు. రాయక తప్పలేదు.

మీ కాగితాలతో మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి క్లాసు చెబుదామని మళ్ళీ తీశాను. ఉమ్మడి ప్రశ్నల్లో సైకిలు బేరం లెక్క ఒకటుంది, లాభం ఎంత శాతమని. అందులో చాలామంది టౌను పిల్లలు కొన్నధర మీద కాకుండా అమ్మినధర మీద శాతం కట్టి తప్పు చేశారు. పిల్లలు మామూలుగా చేసే తప్పే. కానీ మధ్యాహ్నం పిల్లలు దాదాపు అందరూ అదే తప్పు జవాబు దిద్దారు. వాళ్ళ పేపర్లోనే అలాంటి లెక్క ఇంకోటుంది, మేకది. అందులో సగంమంది సరిగ్గా చేశారు.

సరైన జవాబు అందరికీ ఒకటే వస్తే తెలివనుకోవచ్చు. తప్పు జవాబు కూడా అందరికీ ఒకటే వచ్చిందంటే ఎవరో చెప్పారు. మిగతా తొమ్మిదీ అలాగే చెప్పి ఉంటారు. మీ రాయికి ఎవరో తడిగుడ్డ చుట్టారు వదినగారూ. దాంతో తూచి నేను సంతకం పెట్టాను. పద్నాలుగు చెల్లదు.

ఒక్క సంగతి అర్థం కాలేదు. మధ్యాహ్నం బ్యాచిలో వరస నంబర్లలో రెండు డజన్లమంది మాత్రం అందరూ ఆ తప్పే చెయ్యలేదు, తలో జవాబు దిద్దారు. వాళ్ళ కాగితాలు శుభ్రంగా ఉన్నాయి. ఎవరు వాళ్ళు? పొద్దుటి పరీక్షకీ మధ్యాహ్నం పరీక్షకీ మధ్య ఏం జరిగింది? మీరక్కడే ఉన్నారు. మీరు నాకు రాయనిది ఏదో ఉంది.

సౌజన్య


కనకాలపేట
జూన్ 14

సౌజన్యా,

ఏం జరిగిందో చెబుతాను. చెప్పి నీ చేత మాట పడతాను కూడా.

పరీక్షనాడే పెద్దాయన వర్ధంతి. ఏటా సంతర్పణ ఉంటుంది. ఈసారి పరీక్ష కలిసొచ్చింది కదా, పిల్లలకి పొట్లాలు కట్టి ఇచ్చేద్దామన్నారు ట్రస్టువాళ్ళు. పొద్దుటివాళ్ళు పట్టుకుని ఇంటికెళ్ళిపోతారని. నేను మండిపడ్డాను. చనిపోయినాయన పేరుమీద పెట్టే అన్నాన్ని బస్టాండులో పులిహోర పొట్లంలా విసురుతారా అన్నాను. పోనీ టౌను పిల్లలకి ముందు పంక్తి, ఊళ్ళవాళ్ళకి తర్వాత పంక్తి వేద్దామన్నాడు వెంకటరాజు. అదింకా బాగుందన్నాను. ఈ ఊళ్ళో ఎవరి పిల్లలు ఎవరి తర్వాత తినాలో నిర్ణయించడానికి నువ్వెవరివని అందరి ముందూ కడిగేశాను.

ఒకే పంక్తి వేయించాను. ఒక టౌను పిల్ల, పక్కన ఒక ఊరి పిల్ల, మళ్ళీ ఒక టౌను పిల్ల, అలా నేనే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. నా చేత్తో పప్పు వడ్డించాను. ఒకరితో ఒకరు కబుర్లు చెప్పుకుంటూ తింటూంటే నాకు కడుపు నిండిపోయింది. ఏం కబుర్లు చెప్పుకుంటున్నారో వినాలని తోచలేదు. రెండు పేపర్లు కదా, వింటే మాత్రం ఏమిటనుకున్నాను. పది ప్రశ్నలు ఒకటేనని నాకు తెలిసింది మధ్యాహ్నం పేపరు పంచాకే.

నీ రెండు డజన్ల మందీ అడవిపొలం వ్యానులో వచ్చినవాళ్ళు. ఇన్నయ్య వ్యాను టైరు పేలి ఆలస్యమైంది. వాళ్ళు భోజనానికి అందలేదు, సరాసరి హాల్లోకొచ్చి కూర్చున్నారు. సాయిదివ్య వాళ్ళలోనే ఉంది. ఆ పిల్ల ఎవరి దగ్గరా ఒక్క ముక్క వినలేదు.

ఇప్పుడు విను. లిస్టు అంటించాం. వెంకటరాజుకి ఏమీ తెలియదు, తెలుసుకునే తెలివీ లేదు. ట్రస్టువాళ్ళకి నీ రిపోర్టులో నీ పేరు తప్ప ఇంకేమీ అర్థం కాలేదు. తప్పు చెయ్యని పిల్ల ఒకతి కాకినాడ వెళుతోంది. నీకింక ఆ కాగితాలతో పనేమిటి? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

మంగతాయారు


పుదుచ్చేరి
జూన్ 19

వదినగారికి,

ఎవరి చెవినా ఏమీ పడని పిల్లలు వ్యానువాళ్ళు ఒక్కళ్ళే కాబట్టి రాయి వాళ్ళ దగ్గరే సరిగ్గా ఉంది. వాళ్ళతోనే మళ్ళీ కట్టాను. ఉమ్మడి ప్రశ్నల్లో వాళ్ళ సగటు అయిదు. టౌను పిల్లల కంటే ఒకటి తక్కువ. అంటే తేడాలో కొంత పేపరుది, కొంత పిల్లలది. పేపరు వాటా ఎనిమిది. వ్యానులో ఉన్నది కొద్దిమందే కాబట్టి ఏడైనా కావచ్చు, తొమ్మిదైనా కావచ్చు. పద్నాలుగు మాత్రం కాదు.

ఎనిమిది కలిపి చూశాను, అందరికీ ఆ పది ప్రశ్నలూ తీసేసి కూడా చూశాను. మధ్యాహ్నం బ్యాచిలో మొదటి ఇద్దరూ ఎటు చూసినా నిలబడ్డారు. ఎనిమిది కలిపితే సాయిదివ్యకి నలభై తొమ్మిది. కీర్తికి యాభై రెండు. తొమ్మిది కలిపినా యాభైయే. ఎటునుంచి కట్టినా ఆ పిల్ల కీర్తిని దాటడం లేదు. దాటించాలని నాలుగు రకాలుగా కట్టాను, ఆ సంగతి మీకు తెలియాలి.

తప్పు చెయ్యని పిల్ల అన్నారు. కీర్తి ఏం తప్పు చేసింది? ఆ పిల్ల తాత మీకు నచ్చకపోవడం ఒక్కటే కనిపిస్తోంది నాకు. ఎవరి పిల్లలు ఎవరి తర్వాతో నిర్ణయించడానికి నువ్వెవరివని మీరు ఆయన్ని అడిగారట. ఇప్పుడు నేను మిమ్మల్ని అడుగుతున్నాను.

నేను ట్రస్టుకి రాయను. ఆ పని మీది. నా రిపోర్టు మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను, నా పేరు చెప్పి ఆ లిస్టు గోడమీద ఉండకూడదు. మీరు చెప్పకపోతే ఎవరికీ తెలియదు, నిజమే. మీకూ నాకూ తెలుస్తుంది.

సౌజన్య


కనకాలపేట
జూలై 2

సౌజన్యా,

నీ ఉత్తరం వచ్చిన రోజున చింపేద్దామనుకున్నాను. దిండు కింద పెట్టుకుని నాలుగు రోజులు నిన్ను తిట్టుకున్నాను. ఆ తర్వాత తిట్టడానికి నువ్వు చాల్లేదు.

ట్రస్టుకి వెళ్ళి చెప్పాను. పంక్తి సంగతి, వ్యాను సంగతి, ఎనిమిది సంగతి, అన్నీ. ప్రెసిడెంటుగారు ముందు కంగారుపడి, ఆ తర్వాత పేరు మార్చడానికి ఎన్ని కాగితాలు కావాలో లెక్క చూసుకున్నాడు. వెంకటరాజు తన పేపరు ఎనిమిది మార్కులంత కష్టమేనా అని బాధపడ్డాడు, ఇంకా ఎక్కువ అనుకున్నాడట. సాయంత్రం కాజాల పెట్టె పట్టుకుని ఇంటికొచ్చి, మీరు నిజాయితీపరులని నాకెప్పుడూ నమ్మకమేనండి అన్నాడు. అంత అసహ్యమైన మెప్పు నా జన్మలో పొందలేదు. కాజాలు చీమలకి వదిలేశాను.

ట్రస్టుకంటే ముందు అడవిపొలం వెళ్ళాను. లిస్టు గోడమీద మారాక తెలిస్తే బాగుండదని, నేనే చెప్పాలని. పాపాయమ్మ చేపల గంప సర్దుతోంది. పిల్ల నాకు పీట వేసి ఎదురుగా నిలబడింది. అంతా చెప్పాను. యానాంలోనే సర్కారు కాలేజీ ఉంది, చేర్పిస్తాను, పుస్తకాలు నేనిస్తానన్నాను. కాలేజీ ఉచితమేనండి, ఇంట్లో కూర్చుని చదివే పిల్లకి కూడు ఉచితం కాదండి అంది పాపాయమ్మ గంప మీద నుంచి తలెత్తకుండా.

సాయిదివ్య అప్పుడు అంది:

"పంక్తిలో కూచున్నోళ్ళకి అన్నం పెట్టేరు, జవాబులూ దొరికేయండి. మేం ఆ పూట అన్నం కూడా తిన్లేదండి. పరీక్షయ్యేక వస్తే గిన్నెలు కడిగేసేరు. ఇప్పుడు మా వ్యాను పిల్లల కాయితాలు తీసుకుని లెక్క కట్టేరంట. ఆ లెక్కతో నా సీటే తీసేసేరు. ఇందులో నేను చేసిందేటండి?"

ఏమీ చెయ్యలేదమ్మా అన్నాను. మరైతే మీరెందుకొచ్చేరండి అంది. కోపంగా అనలేదు. ఎదుటి మనిషి ఎంత పనికిరానిదో తెలిసిపోయాక అడిగినట్టు అడిగింది. నేను పదిమందిని చూసే చూపు అది, నా వైపు ఎవరూ చూడగా ఎప్పుడూ ఎరగను.

సాయంత్రం వరండాలోకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నిన్న పొద్దున్న పాలకోసం వెళ్ళినప్పుడు కంపెనీ బస్సులో కిటికీ పక్కన కనిపించింది, నెత్తికి నీలం టోపీ పెట్టుకుని. చెయ్యెత్తాను. నన్ను చూసింది, మొహం తిప్పుకోలేదు, చెయ్యి మాత్రం ఎత్తలేదు.

నీ ఎనిమిది సరైనదే. ఎవరడిగినా సరైనదనే చెబుతాను. కానీ ఆ పిల్ల అడిగినదానికి జవాబు నీ దగ్గర ఉందనుకుంటే ఉత్తరం రాయకు. ఆదివారం కంపెనీకి సెలవు. బయల్దేరి రా, అడవిపొలం తీసుకెళతాను. ఆ పిల్ల ఎదుట నిలబడి నువ్వు చెప్పు.

మంగతాయారు